చెవి వింటుంది, మాట ఎందుకు అందదు?

పిల్లవానికి రెండేండ్లు దాటాయి. మాటలు రాలేదు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? "వీని నాయిన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు. వీడు గూడ మాట్లాడుతడు తియ్యి" అంటారు. కొందరు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. కొందరు నాలుక కింద నరం కోయించమంటారు. కొందరు బాసరకు తీసుకుపోయి సరస్వతమ్మకు మొక్కుతారు. కొందరు తాయెత్తు కట్టిస్తారు.

ఆలస్యంగా మాట్లాడే పిల్లలు నిజంగానే ఉన్నారు. వాళ్లలో చాలామందికి తర్వాత మాటలు వస్తాయి. కానీ కొంతమంది పిల్లల సంగతి వేరు. వాళ్ల చెవులు బాగుంటాయి. నాలుక బాగుంటుంది. గొంతు బాగుంటుంది. ఏడిస్తే వాడకట్టంతా వినబడుతుంది. అయినా మాట రాదు. కొందరికి వచ్చిన నాలుగు మాటలు కూడా ఏడాదిన్నర వయసులో పోతాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడరు. కానీ పక్క అర్రలో బిస్కెట్ కాగితం చప్పుడైతే ఉరికి వస్తారు.

"చెవిటోడైతే ఆ చప్పుడు ఎట్ల ఇన్నడు? ఇనబడితే పిలిచినప్పుడు ఎందుకు పలుకడు?" అని తల్లికి ఒకటే అయోమయం. మొండోడు అనుకుని తండ్రి నాలుగు దెబ్బలు కూడా వేస్తాడు.

అక్కలారా, చెల్లెండ్లారా! అది మొండితనం కాకపోవచ్చు. ఆటిజం అనే ఒక తేడా ఉంది. అది అంటురోగం కాదు. గాలి, ధూళి కాదు. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా అది. తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. బయటికి మాత్రం ఏడాది, రెండేండ్ల వయసులో కనబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. అంటే ఒక పెద్ద ఊరిలో ఇద్దరు ముగ్గురయినా ఉంటారు. మగపిల్లల్లో ఎక్కువగా గుర్తిస్తారు. ఆడపిల్లలను "సిగ్గు ఎక్కువ, నెమ్మదస్తురాలు" అని వదిలేస్తారు. అందుకే కొందరు ఆడపిల్లల సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ పిల్లల మెదడులోకి మాట ఎలా పోతుంది? ఎక్కడ ఆగుతుంది? ఇది తెలిస్తే పిల్లవాని మీద కోపం సగం తగ్గుతుంది.

మాట వినడం అంటే ఏమిటి?

మీరు చదువుల కేంద్రానికి వచ్చిన మొదటి రోజు గుర్తు చేసుకోండి. పలక మీద అక్షరాలు ఎలా కనబడ్డాయి? చీమల బారులాగా కనబడ్డాయి. కండ్లు బాగానే చూశాయి. కానీ ఏది 'అ', ఏది 'ల' తెలియలేదు. కండ్లకు కనబడడం వేరు. చదవడం వేరు. చెవికి వినబడడం, మాట అర్థం కావడం కూడా అంతే. రెండూ ఒకటి కాదు.

కాగితం మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది. నోటి మాటలో ఖాళీ ఉండదు. "అన్నందిందువురాబిడ్డా" అని ఒకే ఊపులో అంటాము. అందులో అన్నం ఎక్కడ అయిపోయింది, తిందువు ఎక్కడ మొదలైంది, చంటిబిడ్డకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మెదడే విడగొట్టుకుంటుంది. 1996లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఎనిమిది నెలల పిల్లలకు అర్థంలేని శబ్దాల వరుసను రెండు నిమిషాలు వినిపించారు. ఏ శబ్దం తర్వాత ఏ శబ్దం మళ్లీ మళ్లీ వస్తున్నదో ఆ రెండు నిమిషాల్లోనే పిల్లలు పట్టేశారు. ఎనిమిది నెలల బిడ్డ! ఇంకా సరిగా పాకడం రాదు.

ఇంకొకటి చూడండి. మనకు 'పాట' వేరు, 'పాత' వేరు. ఇంగ్లీషు వాళ్లకు ఆ రెండూ ఇంచుమించు ఒకటే లాగా వినబడతాయి. కెనడా దేశంలో జానెట్ వెర్కర్ అనే శాస్త్రవేత్త దీని మీద పరిశోధన చేసింది. 1984లో అది అచ్చయింది. హిందీలోని 'త', 'ట' శబ్దాలను ఇంగ్లీషు ఇండ్లలోని పిల్లలకు వినిపించింది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టారు. ఏడాది దగ్గర పడిన పిల్లలు పట్టలేకపోయారు. అంటే ఏడాది లోపలే మెదడు "మా ఇంట్లో ఈ శబ్దాలు కావాలి, ఇవి అక్కరలేదు" అని ఏరుకుంటుంది. మనం బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

అసలు ఈ పని కడుపులోనే మొదలవుతుంది. ఆరేడు నెలల గర్భంలో బిడ్డకు శబ్దాలు అందుతాయి. పుట్టిన రెండు మూడు రోజులకే బిడ్డ తల్లి గొంతును వేరే ఆడవాళ్ల గొంతుల నుంచి గుర్తుపడుతుంది. 1980లో ఇది పరీక్ష చేసి చూపించారు.

కాబట్టి బిడ్డ మొదటి మాట ఏడాదికి వచ్చినా, దాని వెనుక ఏడాది చాకిరీ ఉంది. ఆ చాకిరీ చేసేది మెదడు.

మెదడులో మాట దారి

పెద్దవాళ్ల మెదడు సుమారు ఒకటింబావు నుంచి ఒకటిన్నర కిలోల బరువు ఉంటుంది. అందులో సుమారు 8,600 కోట్ల నరాల కణాలు ఉంటాయి. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు పోతుంది. మెదడు రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమ భాగం ఒకటి, కుడి భాగం ఒకటి.

1861లో పారిస్ నగరంలో బ్రోకా అనే డాక్టరు ఒక రోగిని చూశాడు. ఆ రోగి ఏమడిగినా "టాన్" అని ఒక్క మాటే అనేవాడు. చెప్పింది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. అతను చనిపోయినాక మెదడు చూస్తే ఎడమ పక్క ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో జర్మనీకి చెందిన వెర్నికే అనే డాక్టరు ఇంకొక చోటు కనిపెట్టాడు. అది ఎడమ చెవికి కొంచెం పైన, వెనుక వైపు ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే మనిషి మాట్లాడతాడు గానీ ఎదుటివాళ్ల మాట అర్థం కాదు. ఎక్కువ మందికి మాట పని ఎడమ పక్కనే జరుగుతుందని అట్లా తెలిసింది.

కుడి పక్క ఏం చేస్తుంది? మాటలోని రాగం చూస్తుంది. కోపంగా అన్నారా, ముద్దుగా అన్నారా అన్నది ఎక్కువగా అటు పక్క పని.

మన నిజాంసాగర్ కాలువ సంగతి మీకు తెలుసు. 1931లో ప్రాజెక్టు పూర్తయింది. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలకు, పిల్ల కాలువ నుంచి తూముకు, తూము నుంచి మడికి నీళ్లు పోతాయి. ఆ నీళ్లతోనే బోధన్, ఎడపల్లి, వర్ని పక్క చెరుకు పెరిగింది. మాట కూడా అట్లే పోతుంది. చెవి అనేది పెద్ద కాలువ. అక్కడి నుంచి శబ్దం మెదడులోకి పోతుంది. ఎడమ మడికి పోవలసిన తూము సరిగా తెరుచుకోలేదనుకోండి. నీళ్లు ఉన్నాయి. కాలువ నిండా ఉన్నాయి. కానీ పంటకు అందవు. ఆటిజం ఉన్న చాలామంది చిన్నపిల్లల్లో జరిగేది దాదాపు ఇదే.

నిద్రలో కథ వినిపించారు

ఇది ఎట్లా తెలిసింది? రెండేండ్ల పిల్లవాడు స్కానింగు మిషనులో కదలకుండా పడుకుంటాడా? పడుకోడు. అందుకని అమెరికాలోని శాన్ డియాగో నగరంలో ఎరిక్ కోర్షెన్ బృందం ఒక ఉపాయం చేసింది. తల్లులు పిల్లలను రాత్రి పూట తీసుకువచ్చారు. మామూలుగా ఇంట్లో నిద్రపుచ్చినట్టే నిద్రపుచ్చారు. గాఢ నిద్రలో ఉన్నప్పుడు మిషనులో పడుకోబెట్టి, చెవుల్లో మెల్లగా కథ వినిపించారు. నిద్రలో కూడా మెదడు మాట వింటుంది. ఏ చోటు పని చేస్తే అక్కడికి రక్తం ఎక్కువ పోతుంది. మిషను దాన్ని చూపిస్తుంది.

2008లో, 2012లో ఈ బృందం పరిశోధనలు అచ్చయ్యాయి. మామూలు పిల్లల్లో మాట వినగానే మెదడు ఎడమ పక్క బాగా పలికింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎడమ పక్క తక్కువ పలికింది. కుడి పక్క ఎక్కువ పలికింది. మామూలు పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ మాట పని ఎడమ పక్కకు కుదురుకుంటుంది. ఈ పిల్లల్లో అట్లా కుదురుకోలేదు. ఏడాది నుంచి నాలుగేండ్ల లోపే ఈ తేడా కనబడింది.

2015లో ఇంకో సంగతి బయటపడింది. ఆటిజం ఉన్న పిల్లలందరూ ఒక్క తీరు కాదు. కొందరి మెదడు మాటకు ఇంచుమించు మామూలు పిల్లల లాగానే పలికింది. వాళ్లకు తర్వాత మాటలు బాగా వచ్చాయి. ఇంకొందరిలో మాట చోటు చాలా తక్కువ పలికింది. వాళ్లకు మాటలు కష్టమయ్యాయి. చిత్రం ఏమిటంటే, ఆ పిల్లలకు ఆటిజం ఉందని డాక్టర్లు ఖాయం చేయకముందే మెదడులో ఆ తేడా ఉంది. అంటే ఎవరో కొట్టినందుకో, ఎవరో భయపెట్టినందుకో మాట ఆగలేదు.

ఇక ఇష్టం సంగతి. చంటిపిల్లలతో మనం ఎట్లా మాట్లాడతాము? "మా బంగారు కొండా... మా సిరి తల్లీ..." అని గొంతు సన్నగా చేసి, రాగం తీసి మాట్లాడతాము. అన్ని దేశాల్లోనూ తల్లులు ఇంచుమించు ఇట్లే మాట్లాడతారు. పసిపిల్లలకు అది తేనెలాగా ఉంటుంది. 2005లో అమెరికాలో ప్యాట్రిషియా కుల్ అనే శాస్త్రవేత్త బృందం ఆటిజం ఉన్న చిన్నపిల్లల ముందు రెండు శబ్దాలు పెట్టింది. ఒకటి ఇట్లాంటి ముద్దు మాట. రెండోది కంప్యూటరు చేసిన కూత. అందులో రాగం ఉంది, మాట లేదు. మామూలు పిల్లలతో పోలిస్తే ఈ పిల్లలు కంప్యూటరు కూత వైపే ఎక్కువ మొగ్గు చూపారు.

2013లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొంచెం పెద్ద పిల్లల మెదళ్లు చూశారు. మెదడులో మనిషి గొంతును గుర్తుపట్టే చోటు ఒకటి ఉంది. సంతోషం పుట్టే చోటు ఇంకొకటి ఉంది. రెంటినీ కలిపే దారి ఆటిజం ఉన్న పిల్లల్లో బలహీనంగా ఉంది. మనకు అమ్మ పిలుపు వింటేనే హాయి. ఆ హాయి కోసమే పసిబిడ్డ మళ్లీ మళ్లీ వింటుంది. వినీ వినీ నేర్చుకుంటుంది. ఆ హాయి సరిగా అందకపోతే వినడం తగ్గుతుంది. వినడం తగ్గితే నేర్చుకోవడం తగ్గుతుంది. పిల్లవానికి తల్లి మీద ప్రేమ లేదని దీని అర్థం కాదు. రాత్రి అమ్మ పక్కనే పడుకోవాలని ఏడ్చే పిల్లలే వీళ్లు. గొంతు అందే దారి వేరు, ప్రేమ వేరు.

వేగం సంగతి కూడా ఉంది. 2010లో ఫిలడెల్ఫియా నగరంలోని పిల్లల దవాఖానలో ఆరేండ్ల నుంచి పదిహేనేండ్ల వయసు పిల్లలను పరీక్షించారు. ఆటిజం ఉన్న పిల్లల మెదడు శబ్దానికి పలకడంలో సెకనులో సుమారు నూరో వంతు ఆలస్యం కనబడింది. నూరో వంతు అంటే ఏముంది అనిపిస్తుంది. కానీ మాటలో శబ్దాలు బీడీల కట్టల్లాగా ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడతాయి. ఒకటి సర్దేలోపు ఇంకొకటి వస్తుంది. నాలుగు మాటల తర్వాత అంతా కుప్ప అయిపోతుంది.

దానికి తోడు చుట్టూ చప్పుడు. మనకు ఫ్యాను చప్పుడు, టీవీ చప్పుడు, బయట ట్రాక్టరు చప్పుడు ఉన్నా పక్కవాళ్ల మాట వినబడుతుంది. మెదడు అక్కరలేని చప్పుడును పక్కకు పెడుతుంది. ఈ పిల్లల్లో చాలామందికి ఆ జల్లెడ సరిగా పనిచేయదు. అన్నీ ఒకే ఎత్తున వచ్చి మీద పడతాయి. అందుకే పెండ్లి బ్యాండు దగ్గర చెవులు మూసుకుని ఏడుస్తారు. మిక్సీ వేస్తే పారిపోతారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ స్కానింగులు పరిశోధన కోసం చేసినవి. ఆటిజం ఉందో లేదో తేల్చడానికి మెదడు స్కానింగు అక్కరలేదు. పిల్లవాని ఆట, మాట, నడవడి చూసి, తల్లిని అడిగి డాక్టర్లు తేలుస్తారు. మూర్ఛలు వస్తేనో, ఇంకేదైనా అనుమానం ఉంటేనో స్కానింగు రాస్తారు. అది వేరు సంగతి. "స్కానింగుతో ఆటిజం చెప్పేస్తం, పదివేలు కట్టు" అంటే కట్టకండి.

చిలక పలుకులు

కొందరు పిల్లలకు మాటలు వస్తాయి. కానీ వచ్చే తీరు వేరుగా ఉంటుంది. తల్లి రోజూ "నీళ్లు తాగుతవా బిడ్డా?" అని అడుగుతుంది. పిల్లవానికి దప్పిక అయినప్పుడు వాడు వచ్చి "నీళ్లు తాగుతవా బిడ్డా?" అంటాడు. అదే రాగం, అదే ఊపు. ఇంట్లో అందరూ నవ్వుతారు. కొందరు ఎక్కిరిస్తున్నాడని కొడతారు.

ఎక్కిరింపు కాదు. మామూలు పిల్లలు మాటను ముక్కలు చేసుకుని నేర్చుకుంటారు. నీళ్లు ఒక ముక్క, తాగు ఒక ముక్క. ఈ పిల్లల్లో చాలామంది వాక్యాన్ని మొత్తంగా మూటగట్టి దాచుకుంటారు. ఆ మూటకు వాళ్ల లెక్కలో ఒకటే అర్థం. "ఈ మాట వచ్చినప్పుడల్లా నీళ్లు వస్తాయి." అంతే. తెలుగులో ఇంకో తిప్పలు ఉంది. మన క్రియల తోకలు మారుతాయి. తాగుతాను, తాగుతావు, తాగుతాడు, తాగుతది. ఎవరు ఎవరితో అంటున్నారో చూసి తోక మార్చాలి. మొత్తం మూటగా దాచుకున్న పిల్లవాడు తోక మార్చలేడు.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాశాడు. ఆటిజం గురించి విడిగా, వివరంగా వచ్చిన మొదటి రాతల్లో అది ముఖ్యమైంది. అందులో కూడా ఈ చిలక పలుకులు ఉన్నాయి. ఆ పిల్లలు కూడా 'నేను' అనవలసిన చోట 'నువ్వు' అన్నారు. ఇంత దూరంలో, ఇన్నేండ్ల తర్వాత, మన బోధన్ పిల్లవాడు కూడా అదే చేస్తాడు.

మాట్లాడే పిల్లలకు కూడా మాటల వెనుక మాట అందదు. "నా తలకాయ తినకురా" అంటే భయంగా చూస్తాడు. "కడుపులో ఎలుకలు ఉరుకుతున్నయి" అంటే కడుపు వంక చూస్తాడు. పాలు ఒలకబోసినప్పుడు "బాగనే చేసినవ్ తియ్యి" అంటే మెచ్చుకున్నారని సంబరపడతాడు. మాటకు ఉన్న అర్థం తీసుకుంటాడు. రాగంలో, ముఖంలో ఉన్న అర్థం తీసుకోలేడు. నిజానికి తిరకాసు మాటలు మనవే. వాడు నిక్కచ్చిగా ఉన్నాడు.

తప్పు ఎవరిది?

పిల్లవానికి మాట రాకపోతే అందరి వేలూ తల్లి వైపే తిరుగుతుంది. "పొద్దంతా చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేసుకుంట కూసుంటవు. పోరనితోని మాట్లాడితే గదా మాటలచ్చేది" అంటుంది అత్త. తల్లి కూడా అదే నిజమనుకుని కుమిలిపోతుంది.

ఈ నింద మన ఊర్లోనే కాదు. పెద్ద చదువులు చదివిన వాళ్లు కూడా వేశారు. తల్లికి ప్రేమ లేక, మంచుగడ్డలాగా ఉంటే పిల్లలకు ఆటిజం వస్తుందని ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లు రాశారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన దీని మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఎందరో తల్లులు ఏండ్ల తరబడి ఏడ్చారు. చదువుకున్నవాళ్లు అన్న తెలివితక్కువ మాటల్లో ఇది ఒకటి. అంతకు ముందే, 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే శాస్త్రవేత్త ఇది తప్పని, కారణం మెదడులో ఉందని రాశాడు. ఆయన కొడుకుకు ఆటిజం ఉంది. 1977లో ఇంగ్లండులో కవల పిల్లలను చూశారు. అచ్చం ఒకే తీరుగా ఉండే కవలలు 11 జతలు. అందులో 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు వేరు తీరుగా ఉండే కవలలు 10 జతలు. అందులో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. రెండు జతల వాళ్లూ ఒకే తల్లి దగ్గర, ఒకే ఇంట్లో పెరిగినవాళ్లే కదా! తేడా పెంపకంలో లేదు. పుట్టుకతో వచ్చే జీన్లలో ఉంది. జీన్లు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. అత్తలు ఇది కూడా గుర్తు పెట్టుకోవాలి.

టీకాల వల్ల వస్తుందని ఇంకో పుకారు. 1998లో ఒక ఇంగ్లీషు డాక్టరు రాసిన వ్యాసం వల్ల అది పుట్టింది. ఆ వ్యాసం మోసమని తేలి, 2010లో పత్రిక వాళ్లే దాన్ని రద్దు చేశారు. డెన్మార్కులో ఆరున్నర లక్షల మంది పిల్లలను చూసి, తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని 2019లో చెప్పారు. టీకాలు మానకండి.

మూడో నింద భాష మీద. బోధన్ పక్క ఒక్క భాష ఎక్కడుంది? 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కోసం ఎక్కడెక్కడి వాళ్లో శక్కర్‌నగర్‌కు వచ్చారు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. మనుషులు మాత్రం ఉన్నారు, భాషలు ఉన్నాయి. ఒక గల్లీలో ఉర్దూ, ఒక గల్లీలో మరాఠీ, తండాలో లంబాడీ. క్యాంపుల తెలుగు వేరు, ఊరి తెలుగు వేరు. "ఇన్ని భాషలు ఇంటే పోరడు ఆగమైతడు" అంటారు. పరిశోధనలు అట్లా చెప్పడం లేదు. రెండు భాషల ఇంట్లో పెరిగిన ఆటిజం పిల్లలు, ఒక్క భాష ఇంట్లో పెరిగిన ఆటిజం పిల్లల కంటే వెనుకబడలేదు. తల్లికి ఏ భాష నోట్లో సులువుగా తిరుగుతుందో ఆ భాషలోనే మాట్లాడాలి. లంబాడీ తల్లి తనకు రాని ఇంగ్లీషు ముక్కలు ఏరుకుని మాట్లాడితే, పిల్లవానికి ఆ రాగం కూడా దక్కదు.

ఎప్పుడు చూపించాలి?

ఏడాది నిండినా పేరుకు పలకకపోతే, వేలు పెట్టి చూపించకపోతే, 'టాటా' ఊపకపోతే చూపించాలి. ఏడాదిన్నరకు ఒక్క మాట కూడా రాకపోతే, రెండేండ్లకు 'అమ్మా రా', 'పాలు కావాలె' లాంటి రెండు మాటలు కలపకపోతే చూపించాలి. వచ్చిన మాటలు పోతే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

అన్నిటికంటే వేలు చూపించడం ముఖ్యం. చందమామను చూసి వేలు చూపి, అమ్మ ముఖం చూసి, మళ్లీ చందమామను చూస్తుంది బిడ్డ. "అమ్మా, నువ్వు గూడ చూడు" అని దాని అర్థం. మాట కంటే ముందు పుట్టే మాట అది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఇది రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది.

మొదట చెవి పరీక్ష చేయించాలి. చప్పట్లు కొట్టి చూస్తే చాలదు. బెరా అనే పరీక్ష ఉంది. బిడ్డ నిద్రపోతుండగా తలకు చిన్న తీగలు అంటించి, చెవిలో శబ్దం పెడతారు. నొప్పి ఉండదు. చెవి బాగుందని తేలినాకే మిగతా సంగతి.

2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పథకం మొదలుపెట్టింది. ఈ పథకం డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూడాలి. ఎదుగుదలలో ఆలస్యం కూడా వాళ్లు చూసే వాటిలో ఉంది. కాబట్టి అంగన్‌వాడీ టీచరుకు ముందే చెప్పి పెట్టండి. "మా బిడ్డకు జరం లేదు, దగ్గు లేదు, చూపించుడెందుకు" అని ఆ రోజు ఇంట్లో ఉంచుకోకండి. అక్కడి నుంచి జిల్లా దవాఖానకు చీటీ రాయించుకోవచ్చు.

సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో పెట్టారు. ఇప్పుడు దాని పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. మన దేశంలో ఆటిజాన్ని కొలవడానికి వాడే 40 ప్రశ్నల పట్టీని తయారు చేసింది ఈ సంస్థే. మన పక్కనే తయారైన పట్టీతో దేశమంతా పిల్లలను చూస్తున్నారు. నిజామాబాద్ నుంచి సికింద్రాబాదుకు బస్సు ఉంది, రైలు ఉంది.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేర్చారు. సర్టిఫికెట్ అడగడం మన హక్కు. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. బడికి పోలేని, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను అక్కడ చూస్తారు.

బాసరకు పోవడం తప్పు కాదు. దర్గాకు పోవడం తప్పు కాదు. దవాఖానకు పోయే రోజును వెనక్కి నెట్టడం తప్పు. నాలుక కింద నరం కోసినంత మాత్రాన ఈ పిల్లలకు మాట రాదు. నాలుకకు రాసిన వస మెదడులోని తూము తెరవలేదు.

ఇంట్లో ఏం చేయాలి?

2016లో ఒక పరిశోధన వచ్చింది. మన దేశంలో గోవాలోనూ, పాకిస్తాన్‌లో రావల్పిండిలోనూ 65 మంది ఆటిజం పిల్లలతో చేశారు. ఇండ్లకు పోయినవాళ్లు పెద్ద డాక్టర్లు కారు. శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లు పిల్లవానికి పాఠం చెప్పలేదు. తల్లి పిల్లవానితో ఆడుతుంటే వీడియో తీసి, తర్వాత తల్లికే చూపించారు. "చూడమ్మా, ఇక్కడ నువ్వు ఆగినవు, వాడు నీ దిక్కు చూసిండు" అని చెప్పేవారు. కొన్ని నెలల తర్వాత ఆ తల్లులు పిల్లల దారిలోకి పోయి మాట్లాడడం నేర్చుకున్నారు. పిల్లలు తమంతట తామే తల్లిని పలకరించడం పెరిగింది.

దీనిలో కిటుకు ఏమిటి? పిల్లవాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే మాట్లాడాలి. వాడు సైకిలు చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. "ఇటు చూడు, ఇది ఆవు, అను ఆవు" అని గుంజితే లాభం లేదు. పక్కన కూర్చుని "చక్రం. తిరుగుతుంది. గిర్రున" అనాలి. వాని చూపు ఎక్కడ ఉందో అక్కడే మన మాట పడాలి. అప్పుడే రెండూ మెదడులో కలుస్తాయి.

మాట చిన్నగా ఉండాలి. "అరే బిడ్డా, పొద్దుగాల నుంచి ఏమీ తినలేదు, జర ఇటొచ్చి రెండు ముద్దలు తినిపోరాదురా" అనే బదులు "బువ్వ తిందాం, రా" అనాలి. అని ఆగాలి. లోపల అయిదు లెక్క పెట్టాలి, పది లెక్క పెట్టాలి. మెదడు సర్దుకునే సమయం అది. మనం ఆగలేము. అదే మన లోపం. జవాబు రాలేదని మళ్లీ అడుగుతాము, గట్టిగా అడుగుతాము. అప్పటిదాకా సర్దుకున్నది చెదిరిపోతుంది. మాట్లాడేటప్పుడు టీవీ బంద్ చేయాలి. ఫోను వల్ల ఆటిజం పుడుతుందని తేలలేదు. కానీ ఫోను చేతిలో ఉన్నంతసేపు వానితో మాట్లాడేవాళ్లు ఉండరు. నష్టం అది.

బీడీలు చేసే తల్లికి రోజంతా ఆడుకునే వీలు ఎక్కడిది? వెయ్యి చేస్తే గానీ పొయ్యి వెలగదు. కానీ పిల్లవాడు ఎదురుగా కూర్చుంటే ఆకు, కత్తెర, దారం అన్నీ మాటలే. "ఆకు. కోసిన. దారం. చుట్టిన." తంబాకు మాత్రం వానికి అందకుండా పెట్టాలి. స్నానం పోసేటప్పుడు, బువ్వ పెట్టేటప్పుడు, బట్టలు తొడిగేటప్పుడు ఒకే మాటలు, ఒకే వరుసలో రోజూ అనాలి. ఈ పిల్లలకు వరుస అంటే ఇష్టం. వరుసలో మాట త్వరగా అతుక్కుంటుంది.

చిలక పలుకులను ఆపొద్దు. వాడు "నీళ్లు తాగుతవా బిడ్డా?" అంటే నీళ్లు ఇస్తూ వాని తరఫున "నీళ్లు కావాలె" అని అనాలి. నెలల తరబడి అనాలి. ఒకరోజు మూట విప్పుకుంటుంది, ముక్కలు బయటపడతాయి.

"నాలుగేండ్లు నిండినయి, ఇంక మాట రాదు" అనేవాళ్లు ఉంటారు. 2013లో అమెరికాలో 535 మంది పిల్లల లెక్క చూశారు. నాలుగేండ్ల నాటికి రెండు మూడు మాటలు కలిపి మాట్లాడలేని ఆటిజం పిల్లలు వాళ్లు. ఎనిమిదేండ్లు, ఆపైన వయసు వచ్చేసరికి నూటికి 70 మంది మాటలు కలిపి మాట్లాడారు. మొత్తం పిల్లల్లో నూటికి 47 మంది ధారాళంగా మాట్లాడారు. అందరికీ రాలేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో నూటికి సుమారు 30 మంది పెద్దయినా చాలా తక్కువ మాటలతోనే ఉంటారు. తల్లి ఎంత కష్టపడినా కొందరికి రాదు. అది కూడా తల్లి తప్పు కాదు.

మాట రాని పిల్లవాడు కూడా చెబుతూనే ఉంటాడు. అమ్మ చెయ్యి పట్టి కుండ దగ్గరకు లాగుతాడు. అది మాటే. కుండ బొమ్మ, పళ్లెం బొమ్మ, బడి బొమ్మ అట్ట ముక్కల మీద గీసి గోడకు కట్టండి. నీళ్లు కావాలంటే కుండ బొమ్మ తీసి చేతిలో పెట్టడం నేర్పండి. బొమ్మలు అలవాటైతే మాట రాదని కొందరు భయపెడతారు. అట్లా జరగదు. చెప్పింది ఎదుటివాళ్లకు అందుతుందని తెలిసిన పిల్లవాడు ఇంకా చెప్పాలని చూస్తాడు. కొందరు పిల్లలు ఆ బొమ్మ ఇస్తూనే మొదటిసారి "నీ..." అంటారు.